కృత్రిమ శ్వాసపై నున్న రోగి – గుండె లయ

కోటబొమ్మాళి పరిసర గ్రామములనుండి తీవ్రమైన జబ్బుతో నున్న మనిషిని ముందు టెక్కలికి, అచ్చటినుండి శ్రీకాకుళమునకు, ఇంకను అవసరమైనచో విశాఖపట్నములోని కింగ్ జార్జి ఆసుపత్రికి తీసికొనిపోవుట మనకు క్రొత్త కాదు. ఒకటి రెండు దినములలో ఊరికి ఫోను వచ్చును: "వెంటిలేటరు పెట్టినారు." మరునాడు ఇంకొక మాట వచ్చును: "గుండె కొట్టుకొనుట గతి తప్పినదట. ఛాతీకి కరెంటు పెట్టినారట." ఈ రెండవ మాటతో ఇంటివారికి ఉన్న ధైర్యము జారిపోవును. ఊపిరిని యంత్రమే తీయుచుండగా గుండెకేమైనది? వైద్యులేమైన పొరపాటు చేసిరా? ఇక ఇంటికి తెచ్చివేయుదమా? ఈ ప్రశ్నలతో వారు సర్పంచి అరుగు మీదికో, వార్డు సభ్యుని వాకిటికో వత్తురు. అప్పుడు సభ్యుడిచ్చు సలహాపై ఒక్కొక్కసారి ఒక ప్రాణము ఆధారపడియుండును. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులు కొంత వివరముగా తెలిసికొనుట అవసరమని మేము భావించుచున్నాము.

వెంటిలేటరును గూర్చి గ్రామములలో రెండు అభిప్రాయములు వినబడుచున్నవి. అది పెట్టినారన్న పని అయిపోయినట్లే యనునది మొదటిది. యంత్రము తిరుగుచున్నంతవరకు ప్రాణమునకు భయము లేదనునది రెండవది. ఈ రెండును సరియైనవి కావు. వెంటిలేటరు జబ్బును కుదుర్చు మందు కాదు. ఊపిరితిత్తులు, శ్వాస కండరములు కోలుకొనువరకు వాటి పనిని తాను మోయు కూలి వంటిది. ఎందరో దానిపై కొన్ని దినములుండి, లేచి, తమ ఇంటికి నడచి వచ్చినారు. కాని అది మోయునది ఊపిరి బరువునే. గుండె బరువును కాదు. అంతయు ఇందులోనే యున్నది.

ఈ వైద్యము పుట్టిన విధము వినదగినది. 1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగన్ నగరములో పోలియో వ్యాధి తీవ్రముగా ప్రబలెను. శ్వాస కండరములు చచ్చుబడి అనేకులు మరణించుచుండిరి. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్య నిపుణుడు రోగి గొంతులో రంధ్రము చేసి గొట్టము నమర్చి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేతితో నొక్కుచు గాలిని లోనికి పంపించు పద్ధతిని ప్రవేశపెట్టెను. అప్పటికి ఆ పని చేయుటకు చాలినన్ని యంత్రములు లేవు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కిరి. మరణములు ఎంతో తగ్గినవి. నేటి అత్యవసర చికిత్సా విభాగములకు, వెంటిలేటరు వైద్యమునకు అదియే నాంది.

మనము సహజముగా ఊపిరి తీయునపుడు ఛాతీ విచ్చుకొని గాలిని లోనికి లాగును. అదే లాగుడుతో శరీరము నలుమూలలనుండి చెడురక్తము కూడ గుండెవైపు సులభముగా వచ్చును. వెంటిలేటరు అట్లు చేయదు. కమ్మరి కొలిమి తిత్తి వలె గాలిని లోనికి నెట్టును. ఛాతీలో ఒత్తిడి పెరుగుటచే గుండెకు తిరిగి వచ్చు రక్తము కొంత తగ్గును, గుండె కుడి భాగముపై భారము పెరుగును. ఆరోగ్యముగా నున్న గుండె దీనిని తట్టుకొనును. జ్వరముతోను, విషముతోను, రక్తములోని లవణముల హెచ్చుతగ్గులతోను ఇదివరకే డస్సియున్న గుండె తట్టుకొనలేక లయ తప్పవచ్చును.

లయ యనగా నేమి? మన శ్రీకాకుళపు తప్పెటగుళ్లు చూడని వారు ఈ జిల్లాలలో నుండరు. ఛాతీకి కట్టుకొన్న గుండ్రని తప్పెటలపై అందరును ఒక్క దెబ్బగా కొట్టుచు, ఒక్క అడుగుగా గంతులు వేయుదురు. ముందున్న నాయకుడు దరువు మార్చినచో అందరును మార్తురు. మన గుండెలోను అట్టి నాయకుడొకడు గలడు. కుడివైపు పై గదిలో నున్న చిన్న కణుపు అది. ఎదిగిన మనిషి విశ్రాంతిగా నున్నపుడు నిమిషమునకు 60 నుండి 100 సారులు విద్యుత్ సంకేతమును పంపును. ఆ సంకేతము ముందు పై గదులకు, పిదప క్షణకాలమాగి క్రింది గదులకు వ్యాపించును. పై గదులు ముడుచుకొని రక్తమును క్రిందికి పంపును, క్రింది గదులు ముడుచుకొని ఊపిరితిత్తులకును శరీరమునకును పంపును. ఈ విధముగా గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును త్రిప్పుచుండును.

నాయకుని దరువు మరీ మందగించినచో అది ఒక దోషము. వేగము హద్దు మీరినచో ఇంకొకటి. గదులు నిండుటకు వ్యవధి చాలక గుండె ఉత్తగనే కొట్టుకొనును. పై గదులలో ఎవరి తప్పెట వారు కొట్టుకొన్నట్లు సంకేతములు చెల్లాచెదరైనచో నాడి ఏ లెక్కకును అందక తడబడును. తీవ్రమైన జబ్బుతో నున్నవారిలో తరచుగా కనబడు దోషమిదియే. చాలమందిలో ఇది చికిత్సతో దారికి వచ్చును. ఇదే గందరగోళము క్రింది గదులలో సంభవించినచో సంగతి వేరు. గుండె వణకుచుండును గాని రక్తము కదలదు. నిమిషములలో ప్రాణము పోవును. విద్యుత్ దెబ్బ వేయవలసినది ముఖ్యముగా దీనికే. ఆ దెబ్బతో గందరగోళమంతయు ఒక్కసారి ఆగి, నాయకుడు తన దరువును మరల అందుకొనుటకు అవకాశము కలుగును. ఫోనులో వినవచ్చిన "కరెంటు పెట్టినారట" యను మాటకు అర్థమిదియే. అది శిక్షయు కాదు, ప్రయోగమును కాదు. గుండె పూర్తిగా నిశ్చలమైనచో ఆ దెబ్బ పనిచేయదు. అప్పుడు ఛాతీని చేతులతో నొక్కుటయు, మందులును మాత్రమే గతి.

యంత్రముపై నున్నవారికే ఈ దోషములు ఎందుకెక్కువ? ఒక్క కారణము చెప్పి ముగించుటకు వీలులేదు. రక్తములో ప్రాణవాయువు తగ్గినను, ఆమ్లము పెరిగినను గుండె కండరము చిరాకుపడును. పొటాసియము, మెగ్నీషియము అను లవణములు కొద్దిగా తప్పినను సంకేతముల త్రోవ చెడును. రక్తపోటు నిలబెట్టుటకిచ్చు మందులే గుండెను పరుగెత్తించును. గొట్టములోని కఫమును పీల్చి తీయునపుడు గొంతులోని నరము కదలి నాడి ఒక్కసారిగా మందగించుట కలదు. అనుభవముగల నర్సు అందుకే ముందుగా ప్రాణవాయువు హెచ్చించి, కొద్ది క్షణములలోనే ఆ పని ముగించును. ఊపిరితిత్తికి చిల్లుపడి ఛాతీలో గాలి నిండినను గుండె నలిగిపోవును. కొన్ని మందులు సంకేతము చల్లారు వ్యవధిని పొడిగించి ప్రమాదకరమైన లయకు దారితీయును. 2020లో కరోనా తొలి దినములలో హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్ అను రెండు మందులను కలిపి వాడినపుడు వైద్యులు మాటిమాటికి ఇ.సి.జి. తీయించినది ఇందువలననే.

ఆ సంవత్సరమే తెలుగు ఇండ్లలో మరియొక మాట వినబడెను – ఎక్మో. గాయకులు శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారు 2020 ఆగస్టు 5న కరోనాతో చెన్నైలోని ఎం.జి.ఎం. హెల్త్‌కేర్ ఆసుపత్రిలో చేరిరి. ఆ నెలలోనే వారిని వెంటిలేటరుపైనను, ఎక్మోపైనను ఉంచిరి. దినదినము పత్రికలలో ఆ మాట వచ్చుచుండెను. సెప్టెంబరు 25న వారు కన్నుమూసిరి. అప్పుడు అనేకులు అడిగినది ఒకటే – అంతటి యంత్రముండియు ప్రాణమేల నిలువలేదు?

వెంటిలేటరు గాలిని ఊపిరితిత్తులకు పంపును. ఊపిరితిత్తులే పాడైనచో గాలి పంపియు ఫలమల్పము. అట్టి స్థితిలో పెద్ద సిరనుండి రక్తమును బయటికి తీసి, పలుచని పొరగల పరికరములో దానికి ప్రాణవాయువు పట్టించి, బొగ్గుపులుసు వాయువును తొలగించి, తిరిగి శరీరములోనికి పంపుదురు. ఎక్మో యనగా ఇదియే. నిజమైన కృత్రిమ ఊపిరితిత్తి ఇదియే. 1975లో అమెరికాలో రాబర్ట్ బార్ట్‌లెట్ అను శస్త్రవైద్యుడు ఒక పసికందును ఈ పద్ధతితో బ్రతికించెను. ఇందులో రెండు రకములు గలవు. సిరనుండి తీసి సిరలోనికే పంపునది ఊపిరితిత్తికి మాత్రమే సాయము. ఆ శుద్ధరక్తమును దేహమంతయు త్రిప్పవలసినది రోగి గుండెయే. సిరనుండి తీసి ధమనిలోనికి పంపునది గుండెకు కూడ కొంత సాయము చేయును. మొదటి రకములో గుండె లయ తప్పెనా, యంత్రమెంత చక్కగా పనిచేయుచున్నను రక్తము అవయవములకు చేరదు. పైగా గుండె దాపునకు చేరిన గొట్టపు కొనయే గోడకు తగిలి లయను కదల్చుట కలదు. రక్తము గడ్డకట్టకుండుటకు మందు ఇచ్చుచుండవలెను గనుక రక్తస్రావ భయము వెన్నంటియుండును. ఇది పెద్ద నగరములలో, తరిఫీదు పొందిన బృందములుగల కొలది ఆసుపత్రులలో మాత్రమే చేయు చికిత్స. ప్రతి రోగికి ఇది పనికిరాదు. కావున "ఎక్మో పెట్టించలేకపోతిమి" అని కుటుంబములు తమను తాము నిందించుకొనుట న్యాయము కాదని మేము చెప్పదలచినాము.

ఇక మన ప్రాంతపు సంగతికి వత్తము. వంశధార ఎడమ కాలువ క్రింద వరిపొలములు, ఉత్తరమున ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు – ఇవి మన జీవనాధారములు. ఇచ్చటినుండి వెంటిలేటరు వరకు పోవువారిలో న్యుమోనియా, గుండెపోటు, రోడ్డు ప్రమాదముల రోగులతోపాటు మరి మూడు తరగతులవారు కలరు. ఈ మూడింటిలోను గుండె లయతో ఊరికి నేరుగా సంబంధమున్నది.

మొదటిది పురుగుమందు. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందు త్రాగినను, పిచికారీ చేయునపుడు ఒంటిపై చాల పడినను, కంటిపాపలు సూదిమొనవలె చిన్నవగును. చెమట, చొంగ కారును, ఛాతీ కఫముతో నిండును, నాడి మందగించును. విరుగుడుగా అట్రోపిన్ ఇత్తురు. అది నాడిని వేగపరచును గనుక తెరపై 120 అంకె చూచి ఇంటివారు కంగారుపడ నవసరము లేదు. అసలు ప్రమాదము పిమ్మట పొంచియుండును. ఒక ఉదాహరణ తీసికొందము. ఒక రైతుకూలీ మందుకొట్టి పడిపోయినాడు. ఆసుపత్రిలో మొదటిరోజు చికిత్సతో తేరుకొని మాటలాడినాడు. "బాగున్నాడు గదా, మంచము ఖర్చు ఎందుకు?" అని బంధువులు రెండవనాడు ఇంటికి తెచ్చిరి. మూడవనాడు అతడు దిండు మీదినుండి తల ఎత్తలేకపోయెను. కొన్ని గంటలలో శ్వాస ఆగెను. ఇది మేము కల్పించి చెప్పిన ఉదాహరణమే గాని, జబ్బు నడకను మాత్రము కల్పించలేదు. ఈ విషమునకు లోనైన కొందరిలో ఒకటి మొదలు నాలుగు దినముల నడుమ మెడ కండరములు, శ్వాస కండరములు చచ్చుబడును. ఆ దినములలోనే గుండె సంకేతములును పొడిగి, ప్రమాదకరమైన లయలు పుట్టవచ్చును. ఆ సమయములో రోగి వెంటిలేటరు దగ్గర, ఇ.సి.జి. తెర ముందు ఉండవలెను. మన వీధి అరుగు మీద కాదు.

రెండవది కట్లపాము. రాత్రి నేలపై పడుకొన్నవారిని కరచును. నొప్పి లేదు, వాపు లేదు, గాటు కూడ సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మాట ముద్దగా వచ్చుట, పిదప ఊపిరాడకపోవుట. మంత్రము వేయించుటకు పోయిన గంటలో ప్రాణవాయువు తగ్గి గుండె ఆగును. ఆసుపత్రికి ముందే చేరి విషవిరుగుడు సూదియు, వెంటిలేటరును లభించినవారు కొన్ని దినముల తరువాత పూర్తిగా కోలుకొందురు. రోగి కన్ను తెరవలేడు, వ్రేలు కదపలేడు, చచ్చినవానివలె నుండును. కాని లోపల తెలివి యుండవచ్చును, మన మాటలు వినుచుండవచ్చును. ఇట్టివానిని చూచి ఆశ వదలుకొనుట ఘోరమైన పొరపాటు.

మూడవది మూత్రపిండముల వ్యాధి. ఉద్దానపు బాధ అందరికిని తెలిసినదే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతములు దీనిచే నలిగినవి. వీరికొరకు పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. మూత్రపిండములు పనిచేయనపుడు రక్తములో పొటాసియము పేరుకొనును. లీటరుకు 3.5 నుండి 5 మిల్లీమోలుల వరకు ఉండవలసిన ఈ లవణము మితిమీరినచో గుండె క్రమముగా మందగించి ఆగిపోవచ్చును. ఇందులో ఒక చేదు సంగతి యున్నది. నీరసించిన మనిషికి మన ప్రాంతమున మొట్టమొదట ఇచ్చునది కొబ్బరిబొండాము. అందరికిని మేలుచేయు ఆ నీటిలో పొటాసియము మెండు. మూత్రపిండములు చెడినవానికి, ముఖ్యముగా డయాలిసిస్ చేయించుకొనువానికి, వైద్యుడు ఒప్పుకొననిదే దానిని పట్టరాదు. ఆసుపత్రికి బయలుదేరు కారులో ప్రేమతో పట్టించిన రెండు బొండాములు గుండె లయకు ముప్పు కావచ్చును.

వైద్యులు అచ్చట ఏమి చేయుదురో క్లుప్తముగా చెప్పెదము. ముందు కారణమును వెదకుదురు. గొట్టము జారినదా, ప్రాణవాయువు తగ్గినదా, లవణములెట్లున్నవి, ఏ మందు ఆపవలెను అని చూతురు. పొటాసియము పెరిగినచో కాల్షియము సూది, గ్లూకోజుతో ఇన్సులిను, డయాలిసిస్. మెగ్నీషియము తగ్గినచో దానిని ఎక్కింతురు. వేగమును అణచుటకు అమియోడరోన్ వంటి మందులు కలవు. నాడి మరీ మందగించినచో తాత్కాలిక పేస్‌మేకరు పెట్టుదురు. వీటిలో సగము పని కారణము త్వరగా తెలియుటపై నున్నది. ఆ కారణము చాలమారులు ఆసుపత్రిలో లేదు, మన ఊరిలోనే యున్నది.

అందుచే పంచాయతీ సభ్యుడు మొట్టమొదట చూడవలసినది రోగివెంట ఏమి పోవుచున్నదని. 108 వాహనము రాష్ట్రములో 2005 ఆగస్టు 15నుండి నడచుచున్నది. దానిని పిలిచి, వచ్చులోపల పురుగుమందు సీసాను పేరు చీటీతోసహా ఒక సంచిలో కట్టించవలెను. రోగి నిత్యము వాడు మాత్రలన్నియు – బి.పి., షుగరు, గుండె, మూర్ఛ, నాటుమందులతోసహా – తీసికొనిపోవలెను. పాత ఇ.సి.జి. కాగితము, డయాలిసిస్ పుస్తకము ఉన్నచో అవియు. ఏ గంటకు పడిపోయెను, ఎప్పుడు కరచెను అను సమయమును వ్రాసి పంపవలెను. త్రాగినవానికి ఉప్పునీరు పట్టి వాంతి చేయింపరాదు. బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బునీటితో కడిగించవలెను. కడుగువాడు చేతులకు తొడుగులు వేసికొనవలెను. పాము కరచినచోట కోయుట, గట్టిగా త్రాడు కట్టుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక పడుకొనబెట్టి తీసికొనిపోవలెను.

మనిషి మన ఎదుటనే కూలి, పిలిచినను పలుకక, శ్వాస లేకయో, చేపవలె నోరు తెరచి అప్పుడప్పుడు ఎగబీల్చుచునో యున్నచో ఛాతీ నడుమ రెండు చేతులు పెట్టి 5 సెంటీమీటర్ల లోతునకు తగ్గకుండ, 6 దాటకుండ, నిమిషమునకు 100 నుండి 120 సారులు నొక్కుచుండవలెను. అలసినచో మరియొకరు అందుకొనవలెను. పురుగుమందు త్రాగినవాని నోటిలో నోరు పెట్టరాదు. ఛాతీ నొక్కుడు చాలును. ఈ పనిని గ్రామమునకు పదిమంది యువకులైన నేర్చియుండుట మంచిది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని పిలిచి ఒక గ్రామసభనాడు నేర్పించుటకు పెద్ద ఖర్చు లేదు.

రోగి యంత్రముపై నున్నపుడు ఇంటికి తెచ్చుటను గూర్చి సలహా అడిగినచో తొందరపడి "అవును" అనరాదు, "కాదు" అనియు అనరాదు. ఇంటివారిలో నిబ్బరముగా నున్న ఒకరిని వైద్యుని వద్దకు పంపి అడిగించవలెను: గుండె లయ తప్పుటకు కారణము దొరకినదా? అది సరిదిద్దదగినదేనా? ఊపిరితిత్తులు నిన్నటికంటె మెరుగా, కాదా? మెదడు, మూత్రపిండములెట్లున్నవి? విషము, పాముకాటు, లవణదోషము వంటి కారణములైనచో చాలమందికి కొన్నిదినముల ఓపికయే ప్రాణదానమగును. యంత్రమును తీసి కారులో పడుకొనబెట్టిన అట్టి రోగి దారిలోనే పోవును. అన్ని అవయవములును చెడి, ఇక ప్రయోజనము లేదని వైద్యులే స్పష్టముగా చెప్పు సందర్భములును కలవు. అప్పుడు నిర్ణయము కుటుంబమునది. వారిని పిరికివారనియు, పిసినారులనియు ఊరు ఆడిపోసికొనకుండ చూచుటయు సభ్యుని బాధ్యతయే.

యంత్రమునుండి విడివడి ఇంటికి వచ్చినవారి గుండె కొన్ని వారములు బలహీనముగా నుండవచ్చును. కరోనా నాటినుండి ఆశా కార్యకర్తల వద్ద వ్రేలికి పెట్టు ఆక్సిమీటరులున్నవి. ప్రాణవాయువు శాతముతోపాటు నాడిని కూడ అది చూపును. అది లేనిచోట మణికట్టుపై బొటనవ్రేలివైపు మూడు వ్రేళ్లు ఆనించి, గడియారము చూచి పూర్తిగా ఒక నిమిషము లెక్కించవలెను. పదునైదు సెకనులు లెక్కించి నాలుగుతో హెచ్చవేసినచో తడబాటు తెలియదు. విశ్రాంతిలో 50కి తగ్గినను, 120 దాటినను, దెబ్బలు లెక్కకు అందక తడబడుచున్నను, కండ్లు తిరిగినను ఆ దినమే వైద్యునికి చూపించవలెను. ఆసుపత్రివారిచ్చిన విడుదల కాగితమును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రోగి మంచమువద్దనే వ్రేలాడదీయవలెను.